ఇంట్లో సాలీడు, బల్లి, జెర్రి: ఏది నేస్తం, ఏది ప్రమాదం?



వానలు మొదలయ్యాయి. బయట కన్నాల్లోకి నీళ్లు చేరేసరికి అక్కడుండే జీవాలన్నీ పొడి చోటు వెతుక్కుంటూ మన ఇళ్లలోకి వస్తాయి. బాత్రూమ్ జాలీలోంచి జెర్రి, గోడ మీద అరచేయంత సాలీడు, ట్యూబ్‌లైట్ పక్కన బల్లి, బాల్కనీ తలుపు కింద రోకలిబండ. సిటీలో ఫ్లాటైనా, ఊళ్లో పెంకుటిల్లయినా ఈ నెలల్లో వీటి రాక తప్పదు.

వీటిని చూడగానే మనం కేక వేస్తాం, లేదా చీపురో స్ప్రే డబ్బానో అందుకుంటాం. పిల్లలు రెండూ గమనిస్తూనే ఉంటారు. అందుకే ఈ నెల పాఠం మీకూ మీ పిల్లలకూ కలిపి. ఇంట్లో కనిపించే జీవాల్లో దేన్ని వదిలేయవచ్చు, దేన్ని రానివ్వకూడదు, దేని విషయంలో నిమిషం కూడా ఆలస్యం చేయకూడదు అన్నది చూద్దాం.

భయం ఎలా నేర్చుకుంటారు?

2002లో ఆస్ట్రేలియాలో పరిశోధకులు 15 నుంచి 20 నెలల పిల్లల ముందు రబ్బరు పామును, రబ్బరు సాలీడును ఉంచారు. తల్లి ముఖంలో భయం, అసహ్యం కనిపించినప్పుడు పిల్లలు ఆ బొమ్మకు దూరం జరిగారు. కొద్ది నిమిషాల తర్వాత తల్లి మామూలు ముఖంతో ఉన్నా పిల్లల జంకు పోలేదు. 2017లో ఐరోపా పరిశోధకులు ఆరు నెలల పసివాళ్లకు సాలీళ్ల బొమ్మలు, పూల బొమ్మలు చూపించారు. సాలీడును చూసినప్పుడు వాళ్ల కంటిపాపలు ఎక్కువగా విప్పారాయి. అంటే ఉలికిపాటు కొంతవరకు పుట్టుకతోనే వస్తుందేమో. దాన్ని భయంగా మార్చాలా, కుతూహలంగా మార్చాలా అన్నది మాత్రం చాలావరకు ఇంట్లో పెద్దల చేతిలో ఉంది.

కాబట్టి "అన్నం తినకపోతే బల్లిని పిలుస్తా" అనే అలవాటు మానేద్దాం. భయపడ్డ పిల్లవాడిని "ఇంత పిరికివాడివేంట్రా" అనడమూ వద్దు. "అదుగో, ఆ సాలీడు గోడ మీదే ఉంది, మనం ఇక్కడున్నాం. దానికెన్ని కాళ్లున్నాయో ఇక్కణ్నుంచే చెప్పగలవా?" అని అడగండి. కాళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టిన పిల్లలు ఏడుపు మరిచిపోతారు.

ముందు కాళ్లు లెక్కపెట్టండి

ప్రైమరీ తరగతుల ఈవీఎస్ పాఠం ఇక్కడ అక్కరకొస్తుంది. ఆరు కాళ్లుంటే కీటకం: బొద్దింక, చీమ, దోమ, ఈగ. ఎనిమిది కాళ్లుంటే సాలీడు, తేలు ఉన్న కుటుంబం. అందుకే సాలీడును కీటకం అనడం తప్పు. బోలెడు కాళ్లుంటే జెర్రి లేదా రోకలిబండ. ఒంటి మీద ఒక్కో కణుపుకు ఒక్కో జత కాళ్లుంటే జెర్రి. చాలా కణుపులకు రెండేసి జతలుంటే రోకలిబండ. జెర్రిని శతపాది అంటాం గానీ దానికి సరిగ్గా వంద కాళ్లు ఉండవు. పెద్దయిన జెర్రికి జతల సంఖ్య ఎప్పుడూ బేసిగానే ఉంటుంది. మన ఇళ్లలోకి వచ్చే పెద్ద జెర్రికి సాధారణంగా 21 జతలు, అంటే 42 కాళ్లు. లెక్కల మీద ఇష్టమున్న పిల్లలకు ఇది చెప్పి చూడండి.

వదిలేయదగ్గవి: సాలీడు, బల్లి, రోకలిబండ

ఇంట్లో కనిపించే పెద్ద, చదునైన గోధుమరంగు సాలీడు గూడు అల్లదు. రాత్రిపూట గోడల మీద తిరుగుతూ బొద్దింకల్ని వేటాడుతుంది. ఆడది తెల్లటి బిళ్లలాంటి గుడ్ల సంచిని పొట్ట కింద పట్టుకుని తిరుగుతుంది. ఆ సమయంలో దాన్ని కెలకవద్దు. మూలల్లో సన్నటి పొడవాటి కాళ్లతో తలకిందులుగా వేలాడేది ఇంకోటి. దాని గూడు కదిలితే ఒళ్లంతా గిరగిరా ఊపేస్తుంది. గోడ మీద గెంతుతూ తిరిగే చిన్న సాలీడు దోమల్ని, ఈగల్ని పిల్లిలా పొంచి పట్టుకుంటుంది. మన ఇళ్లలో ఉండే ఈ సాలీళ్లు మనుషుల జోలికి రావు. చేత్తో నొక్కితేనో, బట్టల్లో ఇరుక్కుంటేనో తప్ప సాధారణంగా కరవవు.

బూజు సంగతి వేరు. సాలీడు వదిలేసి వెళ్లిన పాత గూడుకు దుమ్ము పడితే అదే బూజు. ఇంట్లో దుమ్ము పడని, ఆయాసం వచ్చే పిల్లలుంటే నెలకోసారైనా దులపండి. దులిపేటప్పుడు పిల్లల్ని పక్క గదిలో ఉంచండి.

ఒంటి మీద గీత గీసినట్టు ఎర్రగా కాలి, బొబ్బలు వస్తే "సాలీడు పాకింది" అంటాం. వానాకాలంలో ఇలాంటి మచ్చకు తరచూ కారణమయ్యేది ఇంకో పురుగు. నలుపు, నారింజ రంగు పట్టీలతో సెంటీమీటరు లోపు పొడవుండి, రాత్రి లైటు వెలుగుకు వస్తుంది. అది కుట్టదు, కరవదు. ఒంటి మీద వాలినప్పుడు మనం చేత్తో నలిపేస్తే, దాని ఒంట్లోని పెడెరిన్ అనే రసాయనం చర్మాన్ని కాలుస్తుంది. మంట వెంటనే తెలియదు. ఒకటి రెండు రోజులకు బయటపడుతుంది. పిల్లలకు ఒకటే మాట చెప్పండి: "నలపకు, ఊదెయ్." నలిగిపోతే సబ్బుతో కడగాలి, ఆ చేత్తో కళ్లు రుద్దుకోకూడదు. కంటి దగ్గర బొబ్బలు వస్తే డాక్టరుకు చూపించాలి.

ఇక బల్లి. పంచాంగంలో దానికో పేజీ ఉంది, కంచి వరదరాజస్వామి గుడిలో బంగారు బల్లి, వెండి బల్లి ఉన్నాయి, అది పలికితే "సత్యం" అనుకునే ఇళ్లూ ఉన్నాయి. అయినా బల్లి పడిన సాంబారు అంటే విషమే అని మన నమ్మకం. నిజానికి ఇళ్లలో తిరిగే బల్లులకు విషం లేదు. అయితే వాటి పేగుల్లో, రెట్టలో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండవచ్చు. వాంతులు, విరేచనాలు కలిగించగలిగేది అది. కాబట్టి బల్లి పడిన వంటను పారబోయాల్సిందే. వండిన గిన్నెల మీద మూతలు పెట్టాల్సిందే. ఇంత జాగ్రత్త ఉంటే గోడ మీద బల్లి దోమలు తింటూ తన మానాన తానుంటుంది. దాని తోక ఊడితే మళ్లీ వస్తుందని పిల్లలకు తెలుసు. కొత్త తోకలో ఎముక బదులు మృదులాస్థి ఉంటుందన్నది మీరు చెప్పవచ్చు.

రోకలిబండ కరవదు, కుళ్లిన ఆకులు తిని బతుకుతుంది. ముట్టుకుంటే చుట్టుకుపోయి, చర్మానికి మంట పుట్టించే ద్రవం వదులుతుంది. కాగితం మీదికి ఎక్కించి కుండీ దగ్గర వదిలేస్తే చాలు.

రానివ్వకూడనివి: బొద్దింక, జెర్రి

చూడ్డానికి భయపెట్టకపోయినా మన పిల్లలకు ఎక్కువ హాని చేసేది బొద్దింకే. దాని రెట్ట, రాలిపోయిన పొర దుమ్ములో కలిసి గాలిలోకి చేరతాయి. పిల్లల్లో ఆస్తమాను రేపే కారణాల్లో ఇదొకటి. మీ పాపకు రాత్రుళ్లు తరచూ దగ్గు, పిల్లికూతలు వస్తుంటే డాక్టరుతో మాట్లాడేటప్పుడు ఇంట్లో బొద్దింకల సంగతి కూడా చెప్పండి. పెద్ద బొద్దింక ఒక్క గుడ్ల పెట్టెలో దాదాపు 15 గుడ్లుంటాయి. ఆ పెట్టెలోకి స్ప్రే సరిగా చేరదు. అందుకే స్ప్రే కొట్టిన కొన్ని వారాలకు మళ్లీ పిల్ల బొద్దింకలు కనిపిస్తాయి. రాత్రి ఎంగిలి గిన్నెలు సింకులో వదలకపోవడం, సింకు కింద లీకు ఆపడం, చెత్తబుట్టకు మూత, అట్టపెట్టెలు పోగేయకపోవడం... స్ప్రే కంటే ఈ పనులు ఎక్కువ కాలం నిలుస్తాయి.

జెర్రి ఒంట్లో తేమ త్వరగా ఆరిపోతుంది. అందుకే తడి ఉన్న చోటే తిరుగుతుంది: బాత్రూమ్, యుటిలిటీ, కుండీల కింద. అది కొరుకుతుందంటాం గానీ, తల కింద మొదటి జత కాళ్లే కొండీల్లా మారి విషాన్ని గుచ్చుతాయి. నొప్పి గట్టిగానే ఉంటుంది, వాపు వస్తుంది, కానీ ప్రాణాపాయం చాలా అరుదు. సబ్బుతో కడిగి, పిల్లలు ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో కాసేపు ఉంచితే నొప్పి తగ్గుతుంది. ముఖం ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. జాలీలకు సన్నటి వల, తలుపు కింద రబ్బరు పట్టీ వేయిస్తే జెర్రి రాక చాలావరకు ఆగుతుంది.

జెర్రి చెవిలో దూరుతుందన్న భయం చాలామందికి ఉంది. ఏ పురుగు చెవిలోకి వెళ్లినా పిన్నుతోనో పుల్లతోనో తీయబోవద్దు. కర్ణభేరికి దెబ్బ తగులుతుంది. డాక్టరే తీయాలి.

ఆలస్యం చేయకూడనిది: తేలు

ఫ్లాట్లలో తేళ్లు తక్కువ. సెలవుల్లో పిల్లలు అమ్మమ్మగారింటికి వెళ్లినప్పుడు ఇటుకల గుట్టలు, కట్టెలు, గోడ పగుళ్లు ఉన్న చోట జాగ్రత్త అవసరం. పెద్ద నల్ల తేలును చూసి మనం ఎక్కువ భయపడతాం. అసలు ప్రమాదం చిన్న ఎర్ర తేలుతో. దాని విషం గుండె మీద పనిచేస్తుంది. కుట్టిన తర్వాత పిల్లలకు ఒళ్లంతా చెమటలు, వాంతులు, చేతులు కాళ్లు చల్లబడటం, ఆయాసం కనిపిస్తే అది ప్రాణాపాయమే.

మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో రక్తపోటుకు వాడే ప్రాజోసిన్ మాత్రను ఎర్ర తేలు కాటుకు వాడి చూశారు. మరణాలు బాగా తగ్గాయి. ఈ కృషికి ఆయనకు 2022లో పద్మశ్రీ దక్కింది. అంటే మందు ఉంది. పిల్లలు ఆసుపత్రికి వేళకు చేరాలి, అంతే. ఆ మాత్ర ఇంట్లో మీరే వేయవద్దు. డాక్టరే చూసి వేయాలి. కట్టు కట్టడం, కోయడం, ఉల్లిపాయ రుద్దడం, మంత్రం కోసం తిరగడం... ఇవన్నీ సమయాన్ని తినేస్తాయి. పిల్లలు పైకి బాగానే ఉన్నా కొన్ని గంటలు డాక్టరు కళ్ల ముందు ఉండాలి. బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయండి.

ఇంకొక మాట. నేల మీద పడుకున్న పిల్లలు తెల్లవారుజామున కడుపునొప్పి అని లేచి, కనురెప్పలు వాలిపోతుంటే, "ఏదో పురుగు కుట్టిందిలే" అని వదిలేయకండి. కట్లపాము కాటు నొప్పి తెలియకుండా, గాటు కనిపించకుండా కూడా ఉండవచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మందే ముప్పు కాకుండా

పురుగుల నుంచి పిల్లల్ని కాపాడాలని మనం ఇంట్లోకి తెచ్చేవాటిలో కొన్ని, ఆ పురుగుల కంటే చాలా ప్రమాదకరం.

- చీమల చాక్‌పీసు అచ్చం బడి చాక్‌పీసులాగే ఉంటుంది. పాకే పిల్లలున్న ఇంట్లో నేల మీద గీయవద్దు.
- కలరా ఉండలు పిప్పరమెంట్ బిళ్లల్లా కనిపిస్తాయి. జీ6పీడీ లోపం ఉన్న పిల్లల్లో ఇవి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి.
- ఎలుకల మందు పేస్టు కొన్నిటిలో పచ్చ భాస్వరం ఉంటుంది. అది కాలేయాన్ని పాడుచేస్తుంది, విరుగుడు లేదు. మొదటి రోజు బాగానే ఉన్నట్టు కనిపించి తర్వాత విషమించవచ్చు.
- ధాన్యం నిల్వకు పెట్టే మాత్రలు గాలిలోని తేమ తగిలితే విషవాయువు వదులుతాయి. నల్లుల కోసమైనా సరే, మనుషులు పడుకునే ఇంట్లో వాటిని పెట్టకూడదు.
- పెస్ట్ కంట్రోల్ చేయించేటప్పుడు ఏ మందు వాడుతున్నారో పేరు రాయించుకోండి. వాళ్లు చెప్పిన సమయం దాటి, కిటికీలు తీసి గాలి ఆడాకే పిల్లల్ని లోపలికి రానివ్వండి.

పిల్లలు వీటిలో ఏది నోట్లో పెట్టుకున్నారన్న అనుమానం వచ్చినా ఉప్పునీళ్లు తాగించి కక్కించవద్దు. ఆ ప్యాకెట్ చేత్తో పట్టుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

ఈ ఆదివారం పిల్లలతో

1. ఒక పాత నోట్‌బుక్కుకు "మా ఇంటి జీవాలు" అని పేరు పెట్టించండి. వారం రోజులు కనిపించిన ప్రతి జీవి గురించి నాలుగు సంగతులు రాయించండి: ఎక్కడ, ఏ వేళ, ఎన్ని కాళ్లు, ఏం చేస్తోంది. ముట్టుకోకుండా, దూరం నుంచి చూసే రాయాలి.
2. గోడ మీద సాలీడును బయటికి పంపడం నేర్పండి. గాజు గ్లాసు దాని మీద బోర్లించి, కింద నుంచి గట్టి అట్టముక్క జరిపి, బాల్కనీలో వదలాలి. పెద్దవాళ్లే చేయాలి, పిల్లలు చూడాలి. తేలు, జెర్రి విషయంలో ఈ పద్ధతి వద్దు. అవి కనిపిస్తే పిల్లలు వెనక్కి జరిగి పెద్దల్ని పిలవాలి.
3. బూట్లు వేసుకునే ముందు దులపడం, చీకట్లో బాత్రూమ్‌కు వెళ్తే ముందు లైటు వేయడం అలవాటు చేయించండి.
4. ఇంట్లో ఉన్న పురుగుమందులన్నీ మీరే ఏరి, పిల్లలకు అందని ఎత్తులో తాళం వేసి ఉంచండి. తినుబండారాల డబ్బాల్లో, కూల్‌డ్రింకు సీసాల్లో ఎప్పుడూ పోయవద్దు.

వచ్చే సోమవారం పిల్లలు ఆ నోట్‌బుక్కును ఈవీఎస్ పీరియడ్‌కు తెచ్చుకోవచ్చు. ఏ ఇంట్లో ఏ జీవి ఎక్కువగా కనిపించిందో క్లాసులో అందరూ కలిసి పట్టిక వేస్తారు. బొద్దింకలు ఎక్కువ వచ్చిన ఇళ్లవాళ్లు సిగ్గుపడనక్కర్లేదు. సింకు కింద ఒకసారి చూసుకుంటే సరిపోతుంది.