సమాధానమునకు కావలివారు



తుపాకులు ఆగిన దినముననే సమాధానము వచ్చినదని మనము తలంచుదుము. అయితే ఆ తరువాతి దినములే కష్టమైనవి. ఎక్కడో కాల్పులు జరిగినవని పుకారు పుట్టును. ముందు కాల్చినదెవరో తెలియదు. ఇరుపక్షములు మరల ఆయుధములు పట్టును. అట్టి సమయములో వట్టి చేతులతో వెళ్లి, ఇరువైపులవారిని విచారించి, జరిగినది జరిగినట్లు చెప్పువారు కావలెను. వారినే శాంతి పరిశీలకులు అందురు.

1964లో నాగాలాండు బాప్టిస్టు సంఘములు చొరవ తీసికొనగా జయప్రకాశ్ నారాయణ్, బి.పి. చాలిహా, రెవ. మైకేల్ స్కాట్ గార్లతో శాంతి బృందము ఏర్పడినది. సెప్టెంబరు 6న కాల్పుల విరమణ మొదలైనది. దానిని మీరిరని ఫిర్యాదు వచ్చినప్పుడు విచారించుటకు పరిశీలకులు ఉండిరి. తమిళనాడునుండి వెళ్లిన డాక్టర్ ఎం. ఆరామ్, ఇంగ్లాండులో పుట్టిన మార్జరీ సైక్స్ ఆ సేవ చేసిరి. 1972లో విరమణ ముగిసినది. రాజకీయ పరిష్కారము కుదరకపోయినను, గ్రామములకు కొంత ఊపిరి దొరికినది.

మన తెలుగునాట ఎస్.ఆర్. శంకరన్ గారిని తలంచుకొందము. ఈ ఐ.ఎ.ఎస్. అధికారిని 1987లో తూర్పుగోదావరి అడవులలో నక్సలైట్లు ఇతర అధికారులతోకూడ బందీగా పట్టుకొనిరి. అయినను ఆయన పగ పెట్టుకొనలేదు. పదవీ విరమణ తరువాత, 1997నుండి పౌర స్పందన వేదిక తరఫున గ్రామములు తిరిగి, పోలీసుల చేతను నక్సలైట్ల చేతను నష్టపోయిన కుటుంబములను కలిసికొని, ఇరుపక్షముల తప్పులను ఇరుపక్షములకు చెప్పిరి. 2004 అక్టోబరులో హైదరాబాదులో చర్చలు జరిగినవి. ఆయుధములతో ఊళ్లలో తిరుగుటనుగూర్చిన తగవు తెగలేదు. 2005 జనవరిలో చర్చలు చెడినవి. మరుసటి నెలలోనే మన కర్ణాటకలో, తెలుగు మాటలాడు పావగడ ప్రాంతములో, పోలీసుల శిబిరముపై దాడి జరిగి ప్రాణములు పోయినవి. హైదరాబాదులో చెడిన మాట సరిహద్దు దాటి వచ్చినది.

సరిహద్దుననున్న శ్రీనివాసపురములో నివసించు మనకు ఇది దూరపు కథ కాదు. గట్టు తగవైనను, కుల తగవైనను, మన ఊళ్లలోను పుకారే ముందు నడచును. ఇద్దరి గడపలు తొక్కగలవాడు ఒక్కడున్నను కర్రలు లేవకముందే మాట నడచును.

ఆలోచించుడి:
1. ఒక పక్షపు మాటనే విని మనము ఎన్నిసార్లు తీర్పు చెప్పితిమి?
2. మన ఊరిలో ఇరుపక్షములు నమ్ము మనిషి ఎవరు?
3. నష్టపోయినవాడు శంకరన్ గారివలె ఎదుటివారి గడపకు వెళ్లుటకు ఏమి కావలెను?