వీడియోయందు జూమ్ కూర్చు విధానము

మన తిరుమణి పొలిమేరన నిలిచి చూచినచో కనుచూపు మేర సౌరఫలకములే గోచరించును. పావగడ తాలూకాలో తిరుమణి మొదలగు ఐదు గ్రామముల పరిధిలో, సుమారు 13,000 ఎకరములయందు నిర్మింపబడిన ఈ 2,050 మెగావాట్ల విద్యుత్కేంద్రము 2019 డిసెంబరు నాటికి పూర్తియైనది. రైతులు తమ భూమిని అమ్మక కౌలునకిచ్చిరి. ఇంతటి విషయమును మన పిల్లలు ఒకటి రెండు ఛాయాచిత్రములతో వీడియోగా చూపదలచినచో, జూమ్ అను ప్రక్రియ మిక్కిలి తోడ్పడును. పిల్లలు వాడునది తరచుగా మన ఫోనే గనుక, తల్లిదండ్రులును దీనిని తెలిసికొనుట మేలు.

నిశ్చల చిత్రమును మెల్లగా సమీపించుచు చూపుట క్రొత్త విద్య కాదు. అమెరికాయందు కెన్ బర్న్స్ అను డాక్యుమెంటరీ నిర్మాత, 1990లో ప్రసారమైన తన అంతర్యుద్ధ చరిత్రయందు నాటి ఛాయాచిత్రములను ఈ రీతిగనే చూపెను. నేడు ఈ పద్ధతి ఆయన పేరనే ప్రసిద్ధమైనది.

జూమ్ రెండు విధములు. కెమెరా కటకములను జరిపి చేయునది మొదటిది. చిత్రము తీసిన పిమ్మట, కూర్పు వేళ ఫిల్టరుతో చేయునది రెండవది. ఈ రెండవదానిలో క్రొత్త వివరమేదియు పుట్టదు. ఫిల్టరు చిత్రములో కొంత భాగమును మాత్రము నిలిపి, దానినే తెర నిండ పరచును. 2 రెట్లు జూమ్ చేసినచో వెడల్పులో సగము, ఎత్తులో సగము నిలుచును. అనగా చిత్రములో పాతిక వంతు మిగిలి, ముప్పాతిక తొలగిపోవును.

ఒక ఉదాహరణము చూతము. చిత్రము వెడల్పు 4,000 బిందువులు, వీడియో వెడల్పు 1,920 బిందువులు అనుకొందము. 2 రెట్ల జూమునకు 2,000 బిందువులు మిగులును గనుక చిత్రము స్పష్టముగనుండును. 4 రెట్లయినచో మిగులునవి 1,000 మాత్రమే. వానినే సాగదీయవలసివచ్చుటచే ముఖములు మసకబారును.

ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అను ఉచిత సాఫ్ట్‌వేరునందు జూమ్‌పాన్ అను ఫిల్టరు కలదు. అందు ‘జడ్’ ఎన్ని రెట్లో తెలుపును. ‘ఎక్స్’, ‘వై’ అనునవి నిలుపవలసిన భాగము ఎచ్చట మొదలగునో తెలుపును. ‘డి’ ఫ్రేముల సంఖ్య. సెకనుకు 25 ఫ్రేముల చొప్పున 6 సెకనులకు 150 ఫ్రేములు. 1 నుండి 1.5 రెట్లకు చేరుటకు ఫ్రేమునకు 0.0033 వంతున పెంచిన చాలును. ఆ 6 సెకనులలో బాలుడు తెలుగున రెండు చిన్న వాక్యములు నింపాదిగా పలుకవచ్చును.

మూడు జాగ్రత్తలు అవసరము. మొదట చిత్రమును వీడియో నిష్పత్తికి కత్తిరింపవలెను. లేనిచో మనుష్యులు అడ్డముగా సాగి కనిపింతురు. మెల్లని జూములో చిత్రము వణకినచో, ముందుగా దానిని రెండు మూడు రెట్లు పెద్దది చేసి పిదప ఫిల్టరునకు ఇయ్యవలెను. నిశ్చల చిత్రమునకు గాక, కదలెడి వీడియోకే జూమ్ చేయునపుడు ‘డి’ విలువ 1 గా నుంచవలెను. లేనిచో ప్రతి ఫ్రేమును పలుమారులు తిరిగి వచ్చును.

ఇక ముఖ్యమైన మాట. పాఠశాల వార్షికోత్సవపు చిత్రములో మన బిడ్డ ముఖమునకే జూమ్ చేయుట సహజము. కాని ఆ క్షణమున తొలగిపోయిన ముప్పాతికలో ఇతరుల బిడ్డలుందురు. సౌరఫలకమునకు జూమ్ చేసినచో గాజు మాత్రమే మిగులును. ఫలకముతో మొదలిడి, రెట్లు తగ్గించుచు వెనుకకు వచ్చినచో నేల, ఊరు, మనుష్యులు వరుసగా తెరపైకి వత్తురు. కాన, జూమ్ చేయుటకు మున్ను “దీనివలన తొలగిపోవునదేమి?” అని మన పిల్లలను ఒకమారు అడుగుదము. ఆ ప్రశ్నకు బదులు చెప్పగల బాలుడు, ఫిల్టరును వాడుటయే గాక, చూచుటయు నేర్చినవాడగును.