ఊహాశాలికి ఏకాగ్రత

తరగతిలో పాఠం సాగుతూ ఉంటుంది. ఒక విద్యార్థి చూపు మాత్రం కిటికీ వెలుపల నిలిచి ఉంటుంది. అధ్యాపకుడు ప్రశ్నిస్తే సమాధానం చురుకుగానే వస్తుంది. ఇంటికి ఇచ్చిన పని మాత్రం పూర్తికాదు. ఇటువంటివాణ్ణి లోకం సోమరి అంటుంది. తెలివి ఉండీ శ్రద్ధ లేదని తల్లిదండ్రులు చింతిస్తారు. నిజానికి ఏకాగ్రత అతనిలో ఉంది. అయితే అది ఇష్టమైన విషయం వద్దనే ఆగిపోతుంది. ఇష్టం లేని చోట కూడా దానిని నిలపగల అభ్యాసమే అతనికి కావలసింది.

గణితశాస్త్రజ్ఞుడు శ్రీనివాస రామానుజన్ (1887–1920) విద్యార్థి జీవితం ఇందుకు నిదర్శనం. 1904లో ఆయన ఉపకారవేతనంతో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో చేరారు. అప్పటికే కార్ రచించిన గణిత సంగ్రహ గ్రంథం ఆయన మనస్సును సంపూర్ణంగా ఆక్రమించింది. ఇతర విషయాలను ఉపేక్షించినందువల్ల ఉపకారవేతనం పోయింది. 1905లో ఇంట చెప్పకుండా విశాఖపట్నం ప్రాంతానికి వెళ్లిపోయారు. మరుసటి సంవత్సరం మద్రాసులోని పచ్చయప్ప కళాశాలలో చేరినా, నేటి ఇంటర్మీడియట్‌కు సమానమైన ఎఫ్.ఏ. పరీక్షలో ఉత్తీర్ణులు కాలేకపోయారు.

ఈ కథను కొందరు విద్యార్థులు తమకు అనుకూలంగా అన్వయించుకుంటారు. పరీక్ష తప్పినా రామానుజన్ ప్రపంచప్రఖ్యాతి పొందారు కదా అంటారు. మధ్యలో గడిచిన సంవత్సరాలను వారు గమనించరు. పట్టా లేక, ఉద్యోగం లేక, నోటుపుస్తకాలు చేతబట్టుకొని ఆయన ఆశ్రయం కోసం తిరిగారు. నెల్లూరులో కలెక్టరుగా ఉన్న ఆర్. రామచంద్రరావు ఆర్థికంగా ఆదుకున్నారు. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తా ఉద్యోగం లభించింది. ఆదుకునే చేయి ప్రతి ప్రతిభావంతునికీ సకాలంలో అందుతుందన్న నమ్మకం లేదు.

1914లో ఆయన కేంబ్రిడ్జి చేరినప్పుడు ఆచార్య హార్డీకి ఒక ధర్మసంకటం ఎదురైంది. క్రమశిక్షణ పేరుతో మొదటినుంచి అన్నీ నేర్పబూనితే శిష్యుని ఆత్మవిశ్వాసం, సృజనశక్తి దెబ్బతినవచ్చు. నేర్పకుండా వదిలివేస్తే ఆధునిక గణితంలోని ముఖ్యవిషయాలు ఆయనకు తెలియకుండా పోతాయి. హార్డీ మధ్యేమార్గం అనుసరించారు. శిష్యుని సహజధోరణిని గౌరవిస్తూనే, అత్యవసరమైన వాటిని క్రమంగా పరిచయం చేశారు. ఎఫ్.ఏ. తప్పిన ఆ యువకుడే 1916లో కేంబ్రిడ్జి పట్టా పొందారు. 1918లో రాయల్ సొసైటీ సభ్యులయ్యారు.

ప్రతి ఊహాశాలీ రామానుజన్ కాకపోవచ్చు. కాని ఆ మధ్యేమార్గం ప్రతి ఇంటా ఆచరణీయమే. కష్టమనిపించే పాఠాన్ని చిన్న చిన్న భాగాలుగా విభజించుకోవాలి. ఇరవై నిమిషాలు చదివి, పుస్తకం మూసి, చదివినదాన్ని సొంత మాటల్లో రాసుకోవాలి. ఒకే పుటను పదేపదే చదవడం కన్న ఇలా జ్ఞప్తికి తెచ్చుకోవడం వల్ల విషయం మనస్సులో నిలుస్తుంది. చదివేటప్పుడు ఏదైనా ఊహ మెరిస్తే పక్కనున్న కాగితంపై ఒక్క వాక్యంలో రాసి, తిరిగి పాఠంలోకి రావాలి. సాయంకాలం ఆ ఊహకూ కొంత సమయం ఇవ్వాలి. సెల్‌ఫోను వేరే గదిలో ఉండాలి. ఈ వయస్సువారికి రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర అవసరం. నిద్ర చాలని మనస్సు ఎక్కడా నిలవదు.

పెద్దలకూ ఒక బాధ్యత ఉంది. “నీకు చదువు రాదు” అన్న మాట బాలుని స్వభావాన్నే నిందిస్తుంది. “ఈ రోజు ఈ రెండు లెక్కలు పూర్తిచెయ్యి” అన్న మాట దారి చూపుతుంది. చిన్ననాటి నుంచీ ఇంటా బయటా ఏ పనిలోనూ మనస్సు నిలవక బాధపడుతున్నవారిని మందలించడం కన్న వైద్యునికి చూపడం మేలు.

ధవళేశ్వరం ఆనకట్ట గోదావరిని ఎండగట్టలేదు. ఆ నీటిని కాలువల్లోకి మళ్లించి డెల్టా పొలాలకు అందించింది. ఊహాశాలియైన విద్యార్థికి నిత్యాభ్యాసం అటువంటి ఆనకట్ట. దానిని కట్టడంలో తల్లిదండ్రులు, గురువులు తోడ్పడవచ్చు. రోజూ ఒక్కొక్క రాయి పేర్చవలసినవాడు మాత్రం విద్యార్థియే.