అడవి భూముల్లో గనులు: సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: నల్లమలలో యురేనియం కోసం బోర్లు వేస్తామంటే 2019లో అంత గొడవ ఎందుకైంది? అది అన్వేషణే గానీ తవ్వకం కాదు గదా?
- ఒక ఉపాధ్యాయుడు, అచ్చంపేట

జవాబు: అప్పుడు అడిగింది అమ్రాబాద్ టైగర్ రిజర్వులో 83 చదరపు కిలోమీటర్లు. వేస్తామన్నవి దాదాపు 4,000 బోర్లు. ఒక్క బోరు పడాలంటే రిగ్గు బండి రావాలి. బండికి బాట కావాలి, బాటకు చెట్లు కొట్టాలి. నీళ్ళ ట్యాంకర్లు తిరగాలి, కూలీలకు గుడారాలు వేయాలి. దాన్ని 4,000తో హెచ్చవేసి చూడండి. పులి అలికిడికే చోటు మారుస్తుంది. చెంచులకు తేనె, గడ్డలు దొరికేదీ ఆ అడవిలోనే.

అసలు సంగతి వేరే ఉంది. కోట్లు పోసి నిక్షేపం ఉందని తేల్చాక "సరే, వదిలేద్దాం" అన్న ప్రభుత్వాన్ని నేనైతే చూడలేదు. అడ్డుపడాల్సింది బోరు దగ్గరే. రాష్ట్ర వన్యప్రాణి బోర్డు 2016లోనే ఈ అన్వేషణకు తలూపింది. 2019 మేలో కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. జనం రోడ్డెక్కాక, అదే ఏడాది సెప్టెంబరులో శాసనసభ వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. అంతమాత్రాన నిశ్చింతగా ఉండలేం. 2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించారు. సర్వే, అన్వేషణ పనులను కొన్ని షరతులతో అటవీయేతర పనుల లెక్కలోంచి తీసేసే అధికారం కేంద్రం చేతికి వచ్చింది.

ప్రశ్న: రిజర్వు ఫారెస్టు సర్కారు భూమి. లీజుకివ్వడం సర్కారు ఇష్టం కాదా?
- ఒక పాఠకురాలు, పాడేరు

జవాబు: కాదమ్మా. నదులు, అడవుల వంటి వాటికి ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేనని సుప్రీంకోర్టు 1996లో కమల్‌నాథ్ కేసులో చెప్పింది. మీ జిల్లా కేసు ఇంకా గట్టిది. బొర్రా గుహల చుట్టుపక్కల గిరిజన గ్రామాల్లో గనుల లీజులపై సమత సంస్థ వేసిన దావాలో 1997లో తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదని కోర్టు తేల్చింది. అయితే ప్రభుత్వ సంస్థకు ఇవ్వొచ్చన్న సందు అందులోనే మిగిలింది. మీ మన్యం కొండల్లో బాక్సైట్ తవ్వకాల వ్యవహారమంతా ఆ సందులోంచి వచ్చిందే.

ప్రశ్న: తవ్వేశాక గోతులు పూడ్చి మొక్కలు నాటుతారు గదా? బొగ్గు గనుల దగ్గర చూస్తూనే ఉన్నాం.
- ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: ఓపెన్‌కాస్టు పక్కన ఓబీ కుప్ప, అంటే బొగ్గు మీంచి తీసి పోసిన మట్టిదిబ్బ, ఎక్కి చూశారా? పైమట్టి, రాయి, షేలు కలగాపులగంగా పడి ఉంటాయి. దాని మీద మొక్క బతికితే బతకొచ్చు, పొరలు పొరలుగా ఉన్న నేల మాత్రం తిరిగి రాదు. బాక్సైట్ కొండల్లో నష్టం ఇంకో రకం. అక్కడ ఖనిజం కొండ నెత్తిమీదే ఉంటుంది. వాన నీటిని పీల్చుకుని, వేసవిలో ఊటలుగా గెడ్డల్లోకి వదిలేది ఆ పొరే. దాన్ని ఎత్తుకెళ్ళాక కింద వెయ్యి మొక్కలు నాటినా గెడ్డలో నీళ్ళు రావు.

ప్రశ్న: మా ఊరి పక్కన ముళ్ళకంప అడవిలో గని వస్తుందంటున్నారు. ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్ళి ఏం మాట్లాడాలి?
- ఒక రైతు, బద్వేలు

జవాబు: ముందుగా, అది ఉత్త ముళ్ళకంప అని మీరే అనకండి. 1900 తర్వాత ఎవరికీ కనబడని కలివికోడి అనే పిట్ట 1986లో మళ్ళీ కనిపించింది మీ కడప జిల్లా కంపల్లోనే.

గని హద్దు అభయారణ్యానికి కిలోమీటరు లోపు ఉందేమో మొదట కొలిపించండి. ఉంటే 2023 ఏప్రిల్ నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వు ప్రకారం అక్కడ తవ్వకం కుదరదు, మిగతా వాదనతో పనే లేదు. బయట ఉంటే కలెక్టరేటుకు వెళ్ళి పర్యావరణ నివేదిక తెలుగు సారాంశం అడగండి. ఇవ్వడం వాళ్ళ బాధ్యత. సభకు 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి. రాకపోతే ఆ మాటే మొదటి అభ్యంతరంగా రాయండి. సభలో చేతులు లెక్కపెట్టరు, కోరం కూడా ఉండదు. అందుకే కేకల కన్నా కాగితం మేలు. మీ బావుల లోతు, మేకలు మేసే చోటు, కుంటకు నీరొచ్చే వాగు సర్వే నంబర్లతో సహా రాసి కాలుష్య నియంత్రణ మండలికి ఇవ్వండి. రసీదు తీసుకోవడం మాత్రం మరవకండి.