ఎండాకాలంలో పసిపిల్లల నిద్ర

ఎండలు ముదిరాయంటే భీమునిపట్నం చుట్టుపక్కల ఊళ్ళలో తల్లులు చెప్పే మాట ఒకటే: "రాత్రంతా బిడ్డ పడుకోలేదమ్మా, మమ్మల్నీ పడుకోనివ్వలేదు." దిష్టి తగిలిందేమోనని పెద్దవాళ్ళు ఉప్పూ మిరపకాయలూ తిప్పి పడేస్తారు. దిష్టి తీస్తే తీయండి, అడ్డు చెప్పం. కాని ముందు బిడ్డ ఒళ్ళు ముట్టుకుని చూడండి. మెడ మడతల్లో చెమట, వీపునిండా చెమటకాయలు, ఒంటిమీద నైలాను గౌను. కారణం చాలావరకు అక్కడే దొరుకుతుంది.

మనిషికి నిద్ర పట్టాలంటే ఒంట్లో వేడి కొంచెం దిగాలి. చెమట ఆరినప్పుడే ఆ వేడి దిగుతుంది. సముద్రం పక్కన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట కారుతుందే గాని ఆరదు. పగటిపూట సముద్రపు గాలి వీస్తుంది, చీకటి పడ్డాక ఆ గాలి పడిపోతుంది. డాబా కప్పు పగలంతా మింగిన ఎండను రాత్రి చాలాసేపు లోపలికి కక్కుతూ వుంటుంది. సరిగ్గా ఆ వేళకే దోమలని తలుపులు బిగించి బిడ్డను లోపల పడుకోబెడతాం. పెద్దవాళ్ళమే పొర్లుతాం, పసివాడు ఏడవడా?

అందుకని పొద్దుగూకాక బిడ్డకు మామూలు నీళ్ళతో ఒళ్ళు కడిగి, తడి తుడిచి, పలచని నూలు బట్ట ఒక్కటి తొడగండి. లోపల ఉక్కగా వుంటే వసారాలోనో వాకిట్లోనో దోమతెర కట్టి మంచం వేసుకోవచ్చు. తెర అంచులు పరుపు కిందికి దోపాలి. మూసిన గదిలో దోమల చక్రం వెలిగించవద్దు, ఆ పొగ పసి ఊపిరితిత్తులకు మంచిది కాదు. కిటికీలకు తడిగుడ్డలు కట్టడం పొడి గాలి వీచే ఊళ్ళలో పనిచేస్తుంది. మన తీరంలో ఉక్క పెరుగుతుందే తప్ప తగ్గదు. ఇక్కడ కావలసింది గాలి ఆడడం. ఫంకా లేకపోతే తాటాకు విసనకర్ర వుంది. ఏడాదిలోపు బిడ్డను వెల్లకిలా, గట్టి పక్కమీద, తలగడ లేకుండా పడుకోబెట్టాలి. ముఖంమీద చీర చెంగు కప్పకూడదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క ఇది: మూడు నెలల్లోపు బిడ్డకు రోజుకు 14 నుంచి 17 గంటలు, నాలుగు నుంచి పదకొండు నెలల దాకా 12 నుంచి 16, ఏడాది నిండి మూడేళ్ళు రానివాళ్ళకు 11 నుంచి 14, మూడు నాలుగేళ్ళవాళ్ళకు 10 నుంచి 13 గంటల నిద్ర. పగటి కునుకులు కూడా ఇందులో కలిసినవే. వేసవిలో రాత్రి తగ్గిన నిద్రను మధ్యాహ్నం కొంత పూడ్చవచ్చు, సాయంత్రం నాలుగు దాటనీయకండి.

ఇక నీళ్ళ సంగతి. "ఎండాకాలం, పిల్లదానికి నాలిక పిడచగడుతోంది, రెండు చెంచాల నీళ్ళు పట్టవే కోడలా" అని అత్తగారు ప్రేమతోనే అంటారు. ఆరు నెలలు నిండని బిడ్డకు చుక్క నీరు కూడా అక్కరలేదు. తల్లిపాలలో ఎక్కువ భాగం నీరే. వేసవిలో దాహానికి మాటిమాటికి రొమ్ముకు వస్తాడు, ఇవ్వండి. నీళ్ళు పడితే కడుపు నిండి పాలు తగ్గుతాయి, నీళ్ళు మంచివి కాకపోతే విరేచనాలు పట్టుకుంటాయి.

ఇందులో దంపతులకు పనికివచ్చే మరో సంగతి వుంది. బిడ్డకు ఆరు నెలలు నిండకుండా, తల్లికి ఇంకా ముట్టు రాకుండా, రాత్రీ పగలూ తల్లిపాలే ఇస్తూవుంటే నూటికి 98 మందికి గర్భం రాదు. మూడూ కుదరాలి. పగలు నాలుగు గంటలు, రాత్రి ఆరు గంటలు మించి ఎడం రాకూడదు. రాత్రి బిడ్డ లేచి పాలు తాగడం మీ నిద్రకు బెడదే గాని, ఆ పాలే కొన్నాళ్ళు మీకు కాపలా. రాత్రిళ్ళు పడుకోవాలని నీళ్ళో డబ్బాపాలో పట్టి నిద్రపుచ్చారంటే ఆ కాపలా పోయిందన్నమాటే. అప్పుడు వేరే సాధనం వెంటనే చూసుకోవాలి.

నిద్రకోసం నల్లమందు నాకించడం, దగ్గుమందు పట్టడం ఎప్పుడూ చేయవద్దు. ఊపిరి ఆగిపోయే ప్రమాదం వుంది. అలాగే, ఎండకు వడలిన బిడ్డ కదలకుండా పడివుంటే "పోనీలే, పడుకున్నాడు" అనుకోకండి. నిద్రపోయే బిడ్డ లేపితే లేస్తాడు, పాలు పట్టుకుంటాడు. లేపినా మగతగా వుండటం, ఒళ్ళు కాలిపోవడం, మాడు గుంటపడటం, ఆరు గంటలుగా ఒంటేలు పోయకపోవడం చూస్తే అది నిద్ర కాదు. నీడకు చేర్చి, బట్టలు విప్పి, తడిగుడ్డతో తుడిచి విసురుతూ 108కి ఫోను చేయండి.

ప్రయాణాలు తప్పవు. చందనోత్సవానికి సింహాచలం, పెళ్ళికి విజయనగరం, సెలవులకు పుట్టిల్లు, అన్నీ ఈ రెండు నెలల్లోనే. బస్సు తెల్లవారుజామునో ఎండ చల్లారాకో ఎక్కండి. ఇంట్లో బిడ్డ ఏ పాత చీర పరుచుకుని పడుకుంటాడో అదే చీర సంచిలో పెట్టుకోండి. ఆ వాసన పసివాడికి తెలుసు. ఇంట్లో వరస ఒళ్ళు కడగడం, పాలు, దీపం తగ్గించడం, జోల అయితే, కొత్త ఊళ్ళోనూ అదే వరస, ఇంచుమించు అదే వేళకు. చుట్టాలు ముద్దుచేస్తూ చేతులు మార్చుకుంటూ పదిదాకా మేలుకోబెడతారు. మర్యాదగా బిడ్డను అందుకుని పక్కకు తీసుకుపోండి. ఎవరైనా ఒక పూట చిన్నబుచ్చుకున్నా ఫరవాలేదు. సింహాచలం వరసల్లో గంటలకొద్దీ నిలబడవలసి వస్తుంది. చంటిబిడ్డను ఇంట్లో నమ్మకమైనవారి దగ్గర వుంచడం, లేదా ఇంకో రోజు దర్శనానికి వెళ్ళడం మేలని మా అభిప్రాయం.

మగవారికి ఒక మాట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో మరబోట్లకు, ఇంజను పడవలకు వేట నిషేధం. తండ్రి రాత్రి ఒడ్డునే వుంటాడు. పాలివ్వడం ఒక్కటి తప్ప మిగతావన్నీ ఆయన చేయగలడు. ఎత్తుకు తిప్పడం, విసరడం, తడిబట్ట మార్చడం ఆయన చూస్తే తల్లికి నాలుగు గంటలు ఏకధాటి నిద్ర దొరుకుతుంది.

ఈ చంటిది నిద్ర కుదుటపడకముందే ఇంకొకటి కడుపున పడితే ఆ నాలుగు గంటలు కూడా వుండవు. కాన్పుకూ కాన్పుకూ మూడేళ్ళ ఎడం వుండాలని చెప్పేది ఇందుకే. కాపర్-టి వేయించుకుంటే రకాన్నిబట్టి అయిదేళ్ళో పదేళ్ళో చింత లేదు. పాలిచ్చే తల్లి కాన్పైన ఆరు వారాలకు అంతర సూది మొదలుపెట్టవచ్చు, మూడు నెలలకొకటి. ఛాయ మాత్రలైతే మొదటి మూడు నెలలు వారానికి రెండు, తరవాత వారానికి ఒకటి.

పుట్టింటికి బయలుదేరే ముందు సూది కార్డులో తేదీ చూసుకోండి. ఆ తేదీ ప్రయాణంలో పడేటట్టుంటే రెండు వారాలు ముందుగానే వేయించుకోవచ్చు. మాత్రలవారు తిరిగివచ్చేదాకా సరిపడా ఆశా కార్యకర్తను అడిగి తీసుకుని, బిడ్డ చీర పెట్టిన సంచిలోనే పెట్టుకోండి.