కూలరులో ఫ్యాను ఎక్కడుంది?

రామగుండంలో మే నెల. మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. యాదమ్మ ఇంట్లో ఇనుప కూలరు తిరుగుతోంది. గాలి వస్తోంది. కానీ వేడిగా వస్తోంది. మూడేళ్ల మనవడికి చెమటలు కారుతున్నాయి. వాడు కూలరు ముందు జాలీ పట్టుకుని నిలబడ్డాడు.

"ఫ్యాను ఖరాబైనట్టుంది" అనుకుంది యాదమ్మ. ఫ్యాను ఎక్కడుందో చూద్దామని కూలరు వెనక్కి వెళ్లింది. గడ్డి తడక లాగబోయింది.

పక్కింటి సునీత అది చూసింది. ఆమె ఐటిఐలో కరెంటు పని నేర్చుకుంది.

"ఆగు పెద్దమ్మా! ముట్టకు! ముందు ప్లగ్గు తీయాలె."

"స్విచ్చు బంద్ చేస్తే చాలదా బిడ్డా?"

"చాలదు. స్విచ్చు బంద్ చేసినా ఒక్కోసారి వైర్లలో కరెంటు ఉంటది. ప్లగ్గు పీకితేనే నమ్మకం."

సునీత పిల్లవాడిని పక్కకు జరిపింది. స్విచ్చు ఆపి, ప్లగ్గు తీసింది. రెక్కలు పూర్తిగా ఆగాక వెనక తడక ఊడదీసింది.

కూలరు లోపల ఏముంది?

కూలరుకు మూడు పక్కల గడ్డి తడకలు ఉంటాయి. ముందు జాలీ ఉంటుంది. జాలీ వెనకనే ఫ్యాను. ఫ్యాను వెనక దాన్ని తిప్పే మోటారు. అడుగున నీళ్ల తొట్టి. తొట్టిలో చిన్న పంపు. పంపు నుంచి పైకి సన్నని పైపు. కొన్ని కూలర్లలో రెక్కల ఫ్యానుకు బదులు బ్లోయరు ఉంటుంది. అది గుండ్రటి డబ్బాలో తిరిగే చక్రం. రెండింటి పనీ ఒక్కటే.

పంపు నీటిని పైకి ఎక్కిస్తుంది. ఆ నీరు గడ్డి మీద కారుతుంది. ఫ్యాను బయటి వేడిగాలిని తడి గడ్డిలో నుంచి లాగుతుంది. అప్పుడు తడి ఆవిరి అవుతుంది. ఆవిరి కావడానికి గాలిలోని వేడిని తీసుకుంటుంది. అందుకే గాలి చల్లబడుతుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ ఇట్లాగే. కూలరు నడిచేటప్పుడు ఒక కిటికీ తెరిచి ఉంచాలి. లేకుంటే గదిలో ఉక్కపోస్తుంది.

"ఇప్పుడు చెప్పు పెద్దమ్మా. గాలి వచ్చిందా, రాలేదా?" అని అడిగింది సునీత.

యాదమ్మ గడ్డి పట్టి చూసింది. ఎండిపోయి ఉంది.

"వచ్చింది. అయితే ఫ్యాను మంచిగనే ఉంది. నీళ్లే ఎక్కుతలేవు. తప్పు పంపుది!"

నిజమే. పంపు మూతికి గడ్డిపోచలు, నాచు అడ్డం పడ్డాయి. సునీత వాటిని తీసి కడిగింది.

అసలు ప్రమాదం

తర్వాత సునీత వైరు చూసింది. ఒకచోట పైతొడుగు పగిలింది. లోపలి రాగితీగ ఇనుప డబ్బాకు తగులుతోంది. ప్లగ్గుకు రెండే పిన్నులు ఉన్నాయి.

"పోయిన వారం ముట్టుకుంటే చెయ్యి జుమ్మన్నది. తడి చెయ్యి కదా అనుకున్న" అంది యాదమ్మ.

"అది కరెంటు పెద్దమ్మా!"

యాదమ్మ మనవడి వైపు చూసింది. ఆమె గుండె ఝల్లుమంది. వాడు రోజూ పట్టుకునేది ఆ జాలీనే.

ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు. అది ప్రాణం తీయగలదు. ఒళ్లు తడిగా ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. మూడు పిన్నుల ప్లగ్గులో లావు పిన్ను ఎర్తుది. డబ్బాకు కరెంటు తగిలితే ఎర్తు వైరు దాన్ని భూమిలోకి పంపుతుంది. ఎర్తు లేకుంటే ఆ కరెంటు ముట్టుకున్న మనిషి ఒంట్లోంచి పోతుంది. గోడకు మూడు రంధ్రాలు ఉంటే చాలదు. లోపల ఎర్తు వైరు కలిపి ఉండాలి. మెయిన్ దగ్గర ఆర్‌సిసిబి అనే స్విచ్చు పెట్టిస్తే ఇంకా మంచిది. కరెంటు లీకైతే అది వెంటనే ఆపేస్తుంది.

సునీత కొత్త వైరు, మూడు పిన్నుల ప్లగ్గు వేసింది. ఎర్తు ఉందో లేదో పరీక్ష చేసింది. ఆ తర్వాతే కూలరు పెట్టింది. చల్లగాలి వచ్చింది.

గుర్తుంచుకోవాలి

1. కూలరులో నీళ్లు పోసే ముందు ప్లగ్గు తీయాలి.
2. చెయ్యి జుమ్మంటే కూలరు వాడకూడదు. కరెంటు పని తెలిసినవారికి చూపించాలి.
3. షాక్ కొట్టిన మనిషిని చేత్తో పట్టుకోకూడదు. ముందు మెయిన్ ఆపాలి. వీలు కాకపోతే పొడి కట్టెతో తప్పించాలి. 108కి ఫోను చేయాలి.
4. వారానికొకసారి నీళ్లు పారబోసి, తొట్టి తోమి ఆరబెట్టాలి. నిలవ నీటిలో డెంగీ దోమలు పెరుగుతాయి.

ఆ రాత్రి యాదమ్మ పలక పక్కన పెట్టి కాగితం తీసుకుంది. పెద్ద అక్షరాలతో రాసింది: "నీళ్లు పోసే ముందు ప్లగ్గు తీయాలె." దాన్ని కూలరు మీద అతికించింది.

తెల్లారి కొడుకు బిందెతో నీళ్లు తెచ్చాడు. కాగితం చదివాడు. బిందె కింద పెట్టి ప్లగ్గు తీశాడు.

చెప్పండి

1. కూలరులో ఫ్యాను ఎక్కడ ఉంటుంది? పంపు ఎక్కడ ఉంటుంది?
2. తప్పు ఫ్యానుది కాదని యాదమ్మకు ఎలా తెలిసింది?
3. లావు పిన్ను ఎందుకు ఉంటుంది?

రాయండి

మీ ఇంట్లో కరెంటుతో నడిచే వస్తువుల పేర్లు రాయండి. వాటిలో మూడు పిన్నుల ప్లగ్గు వేటికి ఉందో చూసి రాయండి.