బండి నేర్చుకుందాం, క్షేమంగా ఇల్లు చేరుదాం

(పూర్వ విద్యార్థుల తరఫున, 2004 పదో తరగతి బ్యాచ్)



మేము ఈ హాస్టల్లో ఉన్న రోజుల్లో ఆవరణలోకి వచ్చే మోటారు బండి ఒక్కటే. అది వార్డెన్ గారి హీరో హోండా. ఆయన వేపచెట్టు కింద స్టాండు వేసి స్టోర్ రూములోకి వెళ్లగానే మేమంతా దాని చుట్టూ చేరేవాళ్లం. అద్దంలో ముఖం చూసుకోవడం, హారన్ నొక్కి పరుగెత్తడం, అంతవరకే మా ధైర్యం. మా ఇళ్లలో ఎవరికీ బండి లేదు. నాన్నకు సైకిల్ ఉంటే అదే గొప్ప. నిరుడు వార్షికోత్సవానికి వచ్చినప్పుడు అదే వేపచెట్టు కింద మా బండ్లు రెండు వరసలు నిలబడ్డాయి. చూసి కడుపు నిండింది. అయితే ఆ వరసలో ఒక బండి తక్కువగా ఉంది. ఈ పాఠం రాయడానికి కారణం ఆ బండే.

మా బ్యాచ్‌లో అందరికంటే ముందు ఉద్యోగం వచ్చినవాడు అతను. ఊరూరా తిరిగి వసూళ్లు చేసే పని. బండి ఉంటేనే ఉద్యోగం అన్నారు. కిస్తీల మీద బండి తీసుకున్నాడు. నేర్పేవాళ్లు లేరు. మూడు సాయంత్రాలు తనంతట తానే రోడ్డు మీద నేర్చుకొని, నాలుగో రోజు డ్యూటీకి వెళ్లాడు. లైసెన్సు తర్వాత తీసుకుందాంలే అనుకున్నాడు. ఒంగోలు నుంచి చీమకుర్తి వెళ్లే రోడ్డులో గ్రానైటు రాళ్ల లారీ ఎడమకు తిరగబోతుంటే, దాని ఎడమ పక్కన ఖాళీ కనిపించి అందులోకి దూరాడు. లారీ ముందు చక్రాలు దాటిపోయాయి. వెనక చక్రాలు లోపలికి కోసుకొచ్చాయి. హెల్మెట్ ట్యాంకు మీద ఉంది.

బండికి ఇన్సూరెన్సు ఉంది. కానీ నడిపేవాడికి లైసెన్సు లేదు కాబట్టి, యజమాని ప్రమాద బీమా కింద ఇంటికి రావలసిన సొమ్ము రాలేదు. మిగిలిన కిస్తీలు వాళ్లమ్మ కూలి డబ్బుల్లోంచి కట్టింది. ఆ లారీ డ్రైవరు కూడా మనలాంటి ఇంటివాడే. "నాకు వాడు కనబళ్లేదు సార్" అని అందరి దగ్గరా ఏడ్చాడు. అతను అబద్ధం చెప్పలేదని మాకు చాలా ఏళ్ల తర్వాత, ఇదే మైదానంలో తెలిసింది. ఆ సంగతి ముందు చెబుతాం.

డ్రైవరు సీట్లోంచి చూస్తే

మన పూర్వ విద్యార్థుల్లో ఒక అన్న లారీ నడుపుతాడు. నిరుడు ఆయన ఖాళీ లారీని మైదానంలోకి తెచ్చి ఆపాడు. మమ్మల్ని మా బండ్లతో లారీ చుట్టూ నిలబడమన్నాడు. తర్వాత ఒక్కొక్కరినీ డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి "ఎన్ని బండ్లు కనబడుతున్నాయిరా?" అని అడిగాడు. ఎనిమిది బండ్లు నిలబడి ఉంటే, కొందరికి నాలుగు కనబడ్డాయి, కొందరికి అయిదు. ఎడమ తలుపు పక్కన ఉన్న బండి ఎవరికీ కనబడలేదు. ముందు బంపరుకు ఆనుకొని ఉన్న బండి కనబడలేదు. సరిగ్గా వెనక ఉన్న బండి అసలే కనబడలేదు.

అందులోంచి మేము నేర్చుకున్నవి ఇవి.

1. లారీ లేదా బస్సు అద్దంలో డ్రైవరు ముఖం మనకు కనబడకపోతే, మనం కూడా డ్రైవరుకు కనబడడం లేదని అర్థం. అక్కడ ఒక్క క్షణం కూడా ఉండకూడదు. వెనక్కి తగ్గాలి, లేదా రోడ్డు ఖాళీ చూసుకొని త్వరగా దాటిపోవాలి.

2. పొడవాటి బండి ఎడమకు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో పోవు. అంతకంటే లోపలికి జరుగుతాయి. ఎడమ పక్కన కనిపించే ఖాళీ మన కోసం వదిలినది కాదు. వెనక చక్రాలు రాబోయే చోటు అది.

3. దాటితే కుడివైపు నుంచే దాటాలి. మలుపులో, వంతెన మీద, గట్టు ఎక్కేచోట దాటకూడదు. దాటిన వెంటనే దాని ముందుకు కోసుకురాకూడదు. లోడు లారీ మన బండి ఆగినంత త్వరగా ఆగలేదు.

4. వేగంగా పోయే లారీ పక్కన గాలి ముందు నెడుతుంది, తర్వాత లాగుతుంది. హ్యాండిల్ గట్టిగా బిగించకుండా, వదలకుండా, ఎడం పాటించాలి.

మైదానంలో మొదటి పాఠాలు

ఇప్పుడు నేర్చుకోవడం సంగతి. ముందుగా ఒక మాట. గేరు బండి లైసెన్సుకు 18 ఏళ్లు నిండాలి. మీలో చాలామందికి నిండలేదు. మీరు ఈ పాఠం ఇప్పుడు చదవండి, వయసు వచ్చాక నడపండి. మైనరు బండి నడిపి పట్టుబడితే 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి 3 ఏళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా ఉంటుంది. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. నడిపిన పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. మీ మామ బండి సరదాగా తీస్తే శిక్ష మామకూ పడుతుందన్నమాట.

18 నిండినవారు ముందు ఎల్‌ఎల్‌ఆర్ తీసుకోవాలి. అది 6 నెలలు చెల్లుతుంది. 30 రోజులు గడిచాక పరీక్షకు వెళ్లవచ్చు. అప్పటిదాకా బండికి ముందూ వెనకా తెల్ల పలక మీద ఎర్రటి 'ఎల్' ఉండాలి. నేర్పేవారిని తప్ప ఎవరినీ వెనక ఎక్కించుకోకూడదు.

మొదటి రోజు ఇంజను స్టార్ట్ చేయవద్దు. బండిని చేత్తో పట్టుకొని మైదానం చుట్టూ నడిపించండి. దాని బరువు ఏ పక్కకు ఒరిగితే ఎంత లాగుతుందో చేతులకు తెలియాలి. సెంటర్ స్టాండు వేయడం, తీయడం నేర్చుకోండి. గేర్లు ఎటు పడతాయో అడిగి తెలుసుకోండి. కొన్ని బండ్లకు అన్ని గేర్లూ ముందుకు నొక్కాలి. కొన్నిటికి మొదటిది కిందికి, మిగతావి పైకి. ఒక బండి మీద నేర్చుకొని ఇంకో బండి ఎక్కినప్పుడు పొరపాటు జరిగేది ఇక్కడే.

రెండో రోజు క్లచ్. బండి ఎగిరి పడడానికి కారణం క్లచ్ ఒక్కసారిగా వదలడం. మొదటి గేరు వేసి క్లచ్‌ను కొద్దికొద్దిగా వదులుతుంటే ఒకచోట బండి ముందుకు లాగుతుంది. చేతిని అక్కడే ఆపండి. ఆ చోటు చేతికి అలవాటయ్యేదాకా నడక వేగంతోనే పోండి. భయం వేస్తే కొత్తవాళ్లు తెలియకుండానే ఎక్సలేటర్ మెలితిప్పుతారు. కాబట్టి భయం వేసినప్పుడు చేయవలసింది ముందే అలవాటు చేసుకోవాలి. ఎక్సలేటర్ వదిలి, క్లచ్ పట్టుకొని, రెండు బ్రేకులూ వేయడమే ఆ పని. పది ఇరవై సార్లు ఊరికే చేసి చూడండి.

మూడో రోజు మలుపులు. ముగ్గుపిండితో నేల మీద పెద్ద '8' గీసి దాని మీద తిరగండి. లైసెన్సు పరీక్షలో పెట్టేదీ అదే. చక్రం వంక చూస్తే పడిపోతారు. ఎటు పోవాలో అటు చూడండి. చూపు ఎటు పోతే బండి అటు పోతుంది. స్టార్ట్ చేసే ముందు సైడు స్టాండు తీశామో లేదో ప్రతిసారీ కాలితో చూసుకోండి. దించి ఉన్న స్టాండు ఎడమ మలుపులో నేలకు తగిలి మనిషిని పడేస్తుంది.

బ్రేకు లెక్క

సైకిల్ మీద ముందు బ్రేకు వేస్తే ఎగిరిపడతామని చిన్నప్పటి నుంచి మనకు భయం. అందుకే మోటారు బండి మీద కూడా వెనక బ్రేకు ఒక్కటే తొక్కుతాం. ఇది తప్పు. బ్రేకు వేయగానే బరువు ముందు చక్రం మీదికి వస్తుంది. కాబట్టి బండిని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. రెండూ కలిపి, ముందుది నిమ్మకాయ పిండినట్టు క్రమంగా నొక్కాలి. ఇసుక మీద, బండి ఒరిగి మలుపులో ఉన్నప్పుడు గట్టిగా వేయకూడదు. మలుపుకు ముందే వేగం తగ్గించుకోవాలి. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు రెండు చక్రాలూ కలిసి ఆగే ఏర్పాటు గానీ, 125 సీసీ దాటితే చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ గానీ తప్పనిసరి చేశారు. మనవాళ్లు ఎక్కువగా కొనేది సెకండ్ హ్యాండ్ బండ్లు. పాతవాటిలో ఇవి ఉండవు.

ఇక లెక్క చూద్దాం. గంటకు 40 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 11 మీటర్లు. అడ్డం వచ్చిన గేదెను కన్ను చూసి, చెయ్యి బ్రేకు పట్టేసరికి సుమారు ఒక సెకను పోతుంది. అంటే బ్రేకు పడకముందే 11 మీటర్లు పోతాం. బ్రేకు పడ్డాక మంచి రోడ్డు మీద మరో 12 మీటర్లు. మొత్తం 23. అదే 60 వేగంలో ముందు 17, తర్వాత 28, మొత్తం 45 మీటర్లు. వేగం ఒకటిన్నర రెట్లే పెరిగింది, ఆగే దూరం దాదాపు రెండు రెట్లయింది. భౌతికశాస్త్రంలో గతిశక్తి వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని బట్టీ పట్టాం కదా, అది ఇదే.

అందుకే ముందు బండి ఒక కరెంటు స్తంభం దాటగానే మనసులో "నూటొకటి, నూటరెండు" అనుకోండి. అనడం పూర్తి కాకముందే మనం ఆ స్తంభం చేరితే మరీ దగ్గరగా ఉన్నట్టు. వానలో ఈ ఎడం రెట్టింపు చేయాలి. తొలకరి వానకు రోడ్డు మీది నూనె, దుమ్ము కలిసి జారుడు ఎక్కువగా ఉంటుంది.

రోడ్డు మీద ఎవరితో ఎలా

ఆటో: ఎవరు చెయ్యెత్తినా అక్కడే ఆగుతుంది. దాని వెనక ఎప్పుడూ ఎడం ఉంచాలి.

ఆర్టీసీ బస్సు: ఆగి ఉన్న బస్సుకు ఎడమ పక్క నుంచి పోకూడదు. దిగేవాళ్లు మన చక్రం కిందికే దిగుతారు. కుడి పక్క నుంచి పోయేటప్పుడు బస్సు ముందు నుంచి ఎవరైనా రోడ్డు దాటుతారేమో చూడాలి.

ట్రాక్టరు: రాత్రిపూట వెనక లైటు లేని ట్రక్కులు మన రోడ్ల మీద మామూలు. మన లైటు వెలుగు పడే దూరంలో ఆగగలిగే వేగంతోనే పోవాలి. ఎదురుగా బండి వస్తే డిమ్ము కొట్టాలి. అవతలివాడు కొట్టకపోతే కోపం వద్దు. వేగం తగ్గించి రోడ్డు ఎడమ అంచు చూస్తూ పోవాలి.

ఆగి ఉన్న కారు: ఏ క్షణమైనా తలుపు తెరుచుకోవచ్చు. మీటరు దూరం వదలాలి.

ఊరి రోడ్డు: ఆరబోసిన ధాన్యం, దాని చుట్టూ పెట్టి మరిచిపోయిన రాళ్లు, సాయంత్రం ఇంటికి తిరిగే గేదెలు. ఒక గేదె దాటిందంటే వెనక ఇంకోటి ఉంటుంది.

హైవే: మన చిన్నప్పుడు 5వ నంబరు జాతీయ రహదారి అనేవాళ్లం, ఇప్పుడు 16. నాలుగు వరసలయ్యాక ఊళ్లోకి తిరిగే చోటు దూరమైందని రాంగ్ రూటులో వస్తున్నారు. రెండు కిలోమీటర్ల పెట్రోలు మిగులుతుంది. దానికోసం ఎదురుగా వచ్చే లారీకి ప్రాణం అప్పగించడం ఏ లెక్క?

హెల్మెట్, 108

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో వందకు 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్లినవారే. హెల్మెట్ లేక చనిపోయినవారు 50,029 మంది. వీరిలో 14,337 మంది వెనక కూర్చున్నవారు. కాబట్టి వెనక కూర్చున్న అమ్మకూ హెల్మెట్ కావాలి. ఐఎస్ఐ గుర్తు ఉన్నది కొని, గడ్డం కింద పట్టీ బిగించాలి. పట్టీ పెట్టని హెల్మెట్ మనకంటే ముందు ఎగిరిపోతుంది.

ప్రమాదం చూస్తే 108కి ఫోన్ చేయండి. స్పృహ లేని మనిషి తల, మెడ కదిలించవద్దు. కేసులకు భయపడవద్దు. సహాయం చేసినవారికి 2019 సవరణలో చట్టం రక్షణ ఇచ్చింది. పేరు చెప్పమని బలవంతం చేయకూడదు.

యజమాని ప్రమాద బీమా 2018 నుంచి 15 లక్షల రూపాయలు. లైసెన్సు ఉంటేనే అది ఇంటికి చేరుతుంది. జేబులోని ఆ కార్డు పోలీసు కోసం మాత్రమే కాదు, అమ్మ కోసం కూడా.

మా మాట

నిరుడు సభకు అతని తల్లి వచ్చింది. సభ అయ్యాక వేపచెట్టు దగ్గరికి వచ్చి మా బండ్ల వరస చూస్తూ కాసేపు నిలబడింది. మేమెవరం మాట్లాడలేకపోయాం. చివరికి ఆమే అంది: "టోపీలు పెట్టుకొని పోండి నాయనా."

ఆ రోజే అనుకున్నాం. ఈ హాస్టల్లో చదివి, 18 నిండి, ఎల్‌ఎల్‌ఆర్ తెచ్చుకున్న ఎవరికైనా ఆదివారాలు ఈ మైదానంలో మేము బండి నేర్పుతాం. బండి మాది, పెట్రోలు మాది. డబ్బు తీసుకోం. నేర్చుకున్నవాడు ఇంకొకరికి నేర్పాలి, అదే ఫీజు. మాకు నేర్పే అన్నలు లేకపోయారు. మీకు ఆ లోటు ఉండకూడదు.

అభ్యాసం

1. లారీకి ఎడమ పక్కన ఖాళీ ఉన్నా ఎందుకు దూరకూడదు? బొమ్మ గీసి వివరించండి.
2. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఒక సెకనులో బండి ఎన్ని మీటర్లు పోతుంది? లెక్క కట్టండి.
3. ముందు బ్రేకు ఎప్పుడు గట్టిగా వేయకూడదు?
4. మీ ఇంట్లో బండి నడిపేవారెవరు? వారి హెల్మెట్ ఇప్పుడు ఎక్కడుంది?